గడి కింద రాసిన మాట

బడి, సైన్సు గది
ఫిబ్రవరి 9

తమ్ముడూ,

ఫోను చేస్తే నువ్వు ఊఁ అంటావు, ఆఁ అంటావు, పక్కన ఇంకెవరితోనో మాట్లాడతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం మధ్యలో "ఒక్క నిమిషం అక్కా" అనడానికి కుదరదు కదా.

నా శుక్రవారం క్లాసు సంగతి విను. మా గదిలో థర్మామీటర్లు నాలుగున్నాయి. ఒకదానికి లోపలి కాగితపు స్కేలు జారిపోయింది. కరిగే మంచులో పెడితే సున్నా చూపించాల్సింది మైనస్ నాలుగు చూపిస్తుంది. మరిగే నీళ్లలో వంద చూపించాల్సింది తొంభై ఆరు దగ్గర ఆగిపోతుంది. ఇంకెవరైనా అయితే పారేసేవాళ్లు. నేను దాన్ని బంగారంలా దాచుకున్నాను. ఏడాదికోసారి నాలుగూ కలిపేసి పదో తరగతి పిల్లల ముందు పెట్టి, "వీటిలో ఒకటి అబద్ధాలకోరు, పట్టుకోండి చూద్దాం" అంటాను. అంతే, ఇంక ఏమీ చెప్పను. కుర్చీలో కూర్చుని వాళ్ల తంటాలు చూస్తాను.

గుర్తుకోసం దానికి ఎర్ర దారం కట్టి ఉంచేదాన్ని. ఈసారి బ్యాచి మహా గడుసుది. ఎవరి దగ్గర విన్నారో ఏమో, దారం చూడగానే దాన్ని తీసి పక్కన పెట్టేసి చేతులు దులుపుకున్నారు. మంచు ముట్టుకోలేదు, నీళ్లు పొయ్యి మీద పెట్టలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. దారం పుటుక్కున తెంపేసి, నాలుగూ కలిపేసి మళ్లీ మొదటికి రమ్మన్నాను.

పట్టుకున్నది మా ఎందుకమ్మ. దర్జీ గారి అమ్మాయి. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని స్టాఫ్ రూములో పెట్టిన పేరది. అది ఏమందో తెలుసా? "మేడమ్, ఇది మంచులోనూ నాలుగు తక్కువే, నీళ్లలోనూ నాలుగు తక్కువే. ఎక్కడ పెట్టినా ఒకే అబద్ధం చెబుతోంది. అలాగైతే దీంతో కూడా నిజం చెప్పించొచ్చు కదా?" ఒరేయ్, ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇలాంటి మాట నేను వినలేదు. బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

వాళ్లమ్మకి ఒకసారి ఏదో ల్యాబు తప్పు రిపోర్టు ఇచ్చిందట. లేని జబ్బుకి ఆర్నెల్లు మందులు మింగిందట ఆవిడ. అప్పట్నుంచీ ఈ పిల్లకి ల్యాబ్ టెక్నీషియన్ అవ్వాలని ఒకటే పట్టుదల. పదో తరగతి అవగానే ఆ శిక్షణలో చేరుతుంది. దాని చేతికి వెళ్లే రక్తం చుక్కకి అన్యాయం జరగదు.

పిల్లలకి నేను చెప్పేది రెండే ముక్కలు. చూసింది గడిలో రాయండి. ఆలోచించింది గడి కింద రాయండి. మరదలినీ మేనకోడలినీ అడిగానని చెప్పు.

అక్క


పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందు నీ మరదలు చదివింది. "ఒదిన గారు థర్మామీటరు చేత కూడా నిజం కక్కించేలా ఉన్నారు, మీరు ఆవిడ జోలికి వెళ్లకండి" అని సలహా ఇచ్చింది.

నువ్వు సంతోషించే కబురొకటి చెబుతాను. బళ్లన్నిటికీ వెళ్లే కొత్త సర్క్యులర్ పోయిన వారం నేనే టైపు చేశాను. పన్నెండు పేజీలు. సైన్సు క్లాసుల్లో బట్టీ మాన్పించాలి, పిల్లలకి ఆలోచించడం నేర్పాలి, ఎదురైన చిక్కుని సొంతంగా విప్పుకోవడం నేర్పాలి అని. చదువుతుంటే నువ్వే రాశావేమో అనిపించింది. అదే రోజు ప్రాక్టికల్ పేపర్లు దిద్దేవాళ్లకి ఇచ్చే సూచనలు కూడా టైపు చేశాను. అది ఒకటే పేజీ. గడిలో ఉన్న అంకె మాత్రమే చూడాలి, గడి బయట రాసినది చదవనక్కర్లేదు అని. టీ తాగుతూ రెండూ సరిచూశాను. ఒక్క అక్షరం తప్పు లేదు.

నాకు ప్రమోషన్ వచ్చేలా ఉంది. ఏ సెక్షనో ఇంకా తెలియదు. వస్తే చెబుతాను.

తమ్ముడు


బడి, లైబ్రరీ
మార్చి 14

తమ్ముడూ,

ఇవాళ ప్రాక్టికల్ పరీక్ష. సొంత టీచరు గదిలో ఉండకూడదు కాబట్టి నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారు. ప్రయోగం ఏమిటో ఊహించు. మంచు ఎంత దగ్గర కరుగుతుంది, నీళ్లు ఎంత దగ్గర మరుగుతాయి!

ఒక పొరపాటు చేశాను. పొద్దున్న బీరువా తాళం అటెండరుకి ఇచ్చేశాను కానీ ఆ చెడ్డ థర్మామీటరు తీసి దాచడం మర్చిపోయాను. దారం ఉంటే అతనే చూసి పక్కన పెట్టేవాడు. దారం నేనే తెంపాను కదా. అది వెళ్లి కిటికీ పక్క బల్ల మీద చేరింది. ఆ బల్ల దగ్గర ఎనిమిది మంది. ఎందుకమ్మ కూడా అక్కడే. తెలియగానే భయమేసింది.

బయటికి వచ్చాక పిల్లలే చెప్పారు. ఎనిమిది మందీ గడుల్లో మైనస్ నాలుగు, తొంభై ఆరు అని రాశారట. కింద, "రెండుచోట్లా నాలుగు తక్కువ చూపించింది. కాబట్టి తప్పు థర్మామీటరుది. మంచు సున్నా దగ్గరే కరిగింది, నీళ్లు వంద దగ్గరే మరిగాయి" అని ఎవరి మాటల్లో వాళ్లు రాశారట. బయట నుంచి వచ్చిన పరీక్షాధికారి తల కూడా ఎత్తలేదట. పోనీలే, పేపరు చదివినప్పుడు ఆయనే ఆశ్చర్యపోతాడు. నాకు ఇప్పుడు భయం లేదురా, గర్వంగా ఉంది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండలేక నీకు రాస్తున్నాను.

అక్క


బడి, సైన్సు గది
మే 27

తమ్ముడూ,

మార్చిలో రాసిన ఉత్తరానికి జవాబు లేదు. ఫోను తియ్యవు. పనుల్లో ఉన్నావనుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. కిటికీ బల్ల దగ్గరి ఎనిమిది మందివీ ఆపేశారు. మూకుమ్మడి కాపీ అట. హెడ్మాస్టరు గారు నా ముఖాన కాగితం పెట్టి, "ఇదేనా మేడమ్ మీరు నేర్పిన ఆలోచన?" అన్నారు. అందరి ముందూ అన్నారు. తల కొట్టేసినట్టయింది.

ఊళ్లో మిగతా బళ్లన్నిట్లో పిల్లలు వంద, వంద, వంద అని రాసి ఉంటారు. వాళ్లది కాపీ కాదు. మా వాళ్లు ఎదురుగా కనబడింది రాస్తే అది కాపీ.

జూన్ ఇరవైలోగా మార్కుల కాగితం ఇవ్వకపోతే ఎందుకమ్మకి శిక్షణలో సీటు పోతుంది. మీ ఆఫీసులో ఎవరు చూశారో, ఎవరు ఈ మాట రాశారో కనుక్కో. గడి కింద రాసింది ఒక్కసారి చదవమని చెప్పు. నీకు చేతులెత్తి దండం పెడతాను.

అక్క


పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 1

అక్కా,

నీ ఉత్తరం చూసి బాధేసింది. ఇక్కడ ఊపిరి సలపని పని. పైగా పాపకి జ్వరం, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

కనుక్కున్నాను. ఫైలు పైకి వెళ్లిపోయింది, ఇప్పుడు కిందికి తేవడం కష్టం. నువ్వు మరీ మనసుకి తీసుకోకు. పిల్లల చేత ఒప్పుకోలు కాగితం మీద సంతకాలు పెట్టించు. మొదటి తప్పుగా మన్నించి, పాస్ మార్కులిచ్చి వదిలేస్తారు. ఏడాది దక్కుతుంది. నువ్వు ఆఫీసు వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఎనిమిది పేపర్లు, ఎనిమిది చేతిరాతలు, ఒకళ్లైతే ఊదా ఇంకుతో రాశారు, అంకె మాత్రం ఒకటే. అదీ తప్పు అంకె. ఎవరికైనా అనుమానం రాదా?

ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు


బడి, సైన్సు గది
జూన్ 4

ఊదా ఇంకు సంగతి నేను నీకు రాయలేదు. నాకే తెలియదు. నీ ఉత్తరం చూశాక పిల్లల్ని అడిగితే ఒకమ్మాయి అవునంది. పరీక్ష రోజు పెన్ను ఆగిపోతే పక్కవాళ్లు ఇచ్చారట.

నీ కొత్త సెక్షన్ ఏదిరా? నీళ్లు నమలకుండా చెప్పు.

అక్క


పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 7

అక్కా,

ఏప్రిల్ నుంచి పేపర్ల పరిశీలన సెక్షన్‌లో ఉన్నాను. ఆ ఎనిమిది పేపర్లూ నా బల్ల మీదికే వచ్చాయి. కాపీ అని రిపోర్టు రాసింది నేనే. బడి నంబరు ఉంటుంది కానీ పేరు ఉండదు. నీ పిల్లలని తెలియదు. ఫిబ్రవరిలో నువ్వు రాసిన మైనస్ నాలుగు, తొంభై ఆరు అప్పుడు గుర్తుకే రాలేదు. నీ మార్చి ఉత్తరం ఆ తర్వాత తెరిచాను. ప్రమోషన్ హడావుడిలో సంచిలో ఉండిపోయింది. చదివేసరికి రిపోర్టు పైకి వెళ్లిపోయింది. అప్పుడే నోరు విప్పాల్సింది. ప్రమోషన్ వచ్చిన మొదటి నెలలో నా రిపోర్టు తప్పని నేనే చెప్పుకోవడానికి ధైర్యం చాల్లేదు.

గడి కింద చదివావా అని అడుగుతావు. చదవలేదు. చదవనక్కర్లేదని నేనే టైపు చేశాను.

నన్ను తిట్టు, పడతాను. కానీ ఒక్కటి చెప్పనివ్వు. పదో తరగతిలో నా కాలు విరిగి రెండు నెలలు మంచాన ఉన్నప్పుడు నా సైన్సు రికార్డు ఎవరు రాశారు? నువ్వు. భోజనాల బల్ల మీద కూర్చుని, ముందు జవాబు రాసి, దానికి సరిపడా రీడింగులు వెనక్కి వేసుకుంటూ వచ్చావు. నాకింకా నీ మాట చెవిలో ఉంది. "మూడుసార్లూ వంద అని రాయకురా, ఒకేలా ఉంటే పట్టేస్తారు. ఒకటి తొంభై తొమ్మిదిన్నర, ఒకటి వంద, ఒకటి వందన్నర రాయి." ఆ రికార్డుకి నాకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ తర్వాత కూడా అలాగే రాసుకుంటూ వచ్చాను. నిజం చెప్పనా, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నేను మరిగే నీళ్లలో థర్మామీటరు పెట్టి చూడలేదు. అందరూ ఒకే అంకె రాస్తే అది దొంగ అంకె అని నాకు నేర్పింది నువ్వే అక్కా. ఆ పాఠంతోనే నీ పిల్లల్ని పట్టుకున్నాను.

తమ్ముడు


ఇల్లు
జూన్ 10

తమ్ముడూ,

నువ్వు రాసింది నిజం. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. నువ్వు ఒక ఏడాది వెనకబడతావని భయం తప్ప ఇంకో ఆలోచన లేదు. శుక్రవారం క్లాసు నేను మొదలుపెట్టిందే ఆ రికార్డు మనసులో గుచ్చుకుని. ఆ ముల్లు నీకూ మిగిలి ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

నీ మాట విని, హెడ్మాస్టరు గారి పోరు పడలేక, ఏడుగురి చేత నేనే ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు పెట్టించాను. నేను చెప్పాను కాబట్టి పెట్టారు. ఒకడు పెడుతూ ఏడ్చాడు. ఎందుకమ్మ మాత్రం పెట్టనంది. "నేను చూసింది రాశాను మేడమ్, మీరే కదా రాయమన్నారు" అంది. దర్జీ గారు మెడలో టేపు కూడా తియ్యకుండా పరుగున వచ్చి, "మీరు చెబితే వింటుందమ్మా, మీరు చెప్పండి" అన్నారు. ఉన్న ఏడు కాగితాలూ గుమాస్తా చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను.

ఈ ఉత్తరంతో ఆ థర్మామీటరు పంపుతున్నాను. పెన్నుల డబ్బాలో దూది పెట్టి సర్దాను, జాగ్రత్తగా తియ్యి. ఇంట్లోనే గిన్నెలో నీళ్లు పెట్టు. నీ కళ్లతో చూడు. చూసింది కాగితం మీద రాసి, కింద నీ సంతకం పెట్టి పైకి పంపు. ఇరవయ్యో తారీకు గుర్తుంది కదా.

అక్క


ఇల్లు, వంటగది
జూన్ 14

అక్కా,

థర్మామీటరు క్షేమంగా చేరింది. పాపకి జ్వరం తగ్గింది. అది స్టూలు ఎక్కి నిలబడింది, నేను గిన్నె పెట్టాను. నీళ్లు తెర్లుతున్నాయి. నీ మేనకోడలు వంగి చూసి, "నాన్నా, తొంభై ఆరు. మంట పెంచు" అంది. పెంచాను. బుడగలు పెరిగాయి, ఆవిరి పెరిగింది, పాదరసం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఫ్రిజ్‌లో మంచుముక్కలు కొట్టి గ్లాసులో వేసి, కరుగుతుండగా పెట్టాం. మైనస్ నాలుగు. పాప నా ముఖం చూసి, "ఏమైంది నాన్నా, తప్పా?" అంది. ఎవరి తప్పని చెప్పను?

నోట్ రాశాను. నా రిపోర్టు తప్పు, పిల్లలు కాపీ కొట్టలేదు, పరికరంలో లోపం ఉంది అని. పంపే ముందు పై అధికారి దగ్గర మాట వరసకి కదిపాను. "పరికరంలో లోపం ఉందని తెలిసి పరీక్షకి పెట్టారంటే టీచరుని సస్పెండ్ చెయ్యాల్సిందే" అన్నారాయన. నీకింకా రెండేళ్ల సర్వీసు ఉంది. నోట్ నా సొరుగులో ఉంది. నువ్వు సరే అంటే పంపుతాను.

తమ్ముడు


బడి, ఆఫీసు గది
జూన్ 16

ఒరేయ్, పంపు. నన్ను అడగడమేమిటి, పంపు.

నేనొక ఘోరం చేశాను. ఒప్పుకోలు కాగితం కింద, సంతకానికి కింద, చిన్న అక్షరాల్లో ఇంకో గడి ఉంది. ఎవరి పేపరు చూసి రాశారో పేరు రాయాలట. నేను అంతదాకా చదవలేదు. కింద రాసింది చదవండి అని ఊరందరి మీదా విరుచుకుపడ్డదాన్ని, నా చేతిలో కాగితం నేనే చదవలేదు. నేను బయటికి వెళ్లాక గుమాస్తా ఆ గడి నింపమన్నాడట. పిల్లలకి ఏం రాయాలో తెలియలేదు. ఏడుగురూ ఎందుకమ్మ పేరు రాశారు. క్లాసులో తెలివైన పిల్ల కాబట్టి నమ్ముతారనుకున్నారట. దాని మీద కోపంతో కాదు. చూసినవాళ్లకి మన్నింపు ఉంది. చూపించినవాళ్లకి ఏడాది నిషేధం అట.

సస్పెండ్ చెయ్యనీ. నా సంగతి నేను చూసుకుంటాను. ఈ ఉత్తరం చేరిన గంటలో పంపు.

అక్క


పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 24

అక్కా,

నీ ఉత్తరం పద్దెనిమిదిన చేరింది. నోట్ ఇరవై ఒకటిన పంపాను.

ఆ మూడు రోజులూ ఎందుకు ఆగానని అడుగుతావు. నీ ఉద్యోగం పోతుందని ఆగానని రాయడానికి కూర్చున్నాను. రెండు కాగితాలు చింపేశాను. అది అబద్ధం. నా రిపోర్టు కింద నా సంతకం ఉంది కాబట్టి ఆగాను. సొరుగు తెరిచాను, మూశాను. ఇరవై దాటితే నాకు నేనే ధైర్యం తెచ్చుకుంటానని అనుకున్నాను కాబోలు.

నోట్ నిన్న తిరిగి వచ్చింది. ఏడుగురు విద్యార్థులు స్వయంగా ఒప్పుకున్నందున కేసు ముగిసింది, పరికరం విషయం మళ్లీ చూడనక్కర్లేదు అని రాశారు. నీ మీద ఏ చర్యా లేదు. నా మీదా లేదు.

నన్ను ఏమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు.

తమ్ముడు


బడి, సైన్సు గది
జూలై 19

తమ్ముడూ,

నెల కావస్తోంది, ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర ఏముంది? నీ మీద కోపం ఉంది. అది పోదు, పోయిందని అబద్ధం రాయను. కానీ నిన్ను తిట్టబోయిన ప్రతిసారీ ఆ భోజనాల బల్ల, ఆ రికార్డు కళ్లముందుకి వస్తున్నాయి.

మీ పన్నెండు పేజీల సర్క్యులర్ మొన్న వచ్చింది. చివర ఒక ప్రశ్న ఉంది. మీ బడిలో పిల్లలకి సొంతంగా ఆలోచించడం నేర్పుతున్నారా, అవును, కాదు. హెడ్మాస్టరు గారు నన్ను నింపమన్నారు. అవును దగ్గర టిక్కు పెట్టి ఇచ్చేశాను.

ఏడుగురూ పై చదువులకి వెళ్లిపోయారు. ఎందుకమ్మకి సీటు పోయింది, పొద్దున్న వాళ్ల నాన్న దగ్గర కాజాలు కుడుతోంది. నిషేధం తీరాక ప్రాక్టికల్ మళ్లీ రాయాలి కాబట్టి శుక్రవారం మాత్రం బడికి వస్తుంది. వెళ్లి దాని కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఒకరోజు వరండాలో ఆపి, "తప్పు నాదేనమ్మా" అన్నాను. "ఫర్వాలేదు మేడమ్" అంది. ఎందుకు అని అడగడం మానేసింది. నాలుగు శుక్రవారాలుగా వింటున్నాను, ఒక్కసారి కూడా అడగలేదు.

నువ్వు తిరిగి పంపిన థర్మామీటరుకి మళ్లీ ఎర్ర దారం కట్టి బీరువాలో పెట్టాను. నిన్న కొత్త బ్యాచి పిల్లలు మిగతా మూడూ చాలక దాన్ని కూడా లాగేశారు. దారం వాళ్లకి పట్టలేదు, వాళ్లకి ఆ కథ తెలియదు. కిటికీ బల్ల దగ్గర నీళ్లు మరుగుతున్నాయి. ఒక చిన్నది చెయ్యెత్తి, "మేడమ్, ఇది తొంభై ఆరు దగ్గరే ఆగిపోయింది. గడిలో ఏం రాయాలి?" అంది. ఆ ముఖంలో ఎంత ఉత్సాహమో! ఫిబ్రవరిలో ఎందుకమ్మ ముఖంలో చూసిందే.

నేను నోరు తెరిచేలోపు, వెనక బెంచీ మీద తల వంచుకుని పాత రికార్డు దించుకుంటున్న ఎందుకమ్మ తల ఎత్తకుండానే అంది: "వంద రాసెయ్."

ఆ చిన్నది అర్థం కాక నా వైపు చూసింది. నేను తల ఊపానురా.

అక్క